ప్రయాణంలో ఉన్నవారి కొరకు

జూలై 6, 1948, మంగళవారం

నిన్న రావలసిన మనిషి ఈ రోజు కూడా రాలేదు. శనివారం పోయి, అత్తమ్మను వెంటబెట్టుకుని, సోమవారం సైరన్ కూసే వేళకు లాలాగూడ వర్క్‌షాపులో ఉంటానన్నాడు. ఊళ్ళల్లో రోజులు బాగాలేవు, ముసలామెను ఒక్కదాన్నే అక్కడ ఉంచొద్దని నేనే అన్నాను. పోయేటప్పుడు తలుపు గడియ ఊడి చేతికొచ్చింది. వచ్చినాక కొడతానని గోడకు ఆనించి పోయాడు. రైలు డబ్బాలకు తలుపులు బిగించే మనిషి ఇంటి గడియకు ఏడాది నుంచి ముహూర్తం చూస్తున్నాడు. రానీ, చెప్తాను.

ఇద్దరికి వండాను. ఆయన వంతు మూసి పెట్టాను.

జూలై 7

రాలేదు. ఇద్దరికి వండాను.

జూలై 9, శుక్రవారం

బ్రహ్మచారి బావను అడిగాను. ఆయనకు వరసకు అన్న, అదే షాపులో చిత్రిక పడతాడు. అత్తమ్మ ఊరున్న ఆలేరు దిక్కు ఏం జరుగుతున్నదో ఎవరికీ తెలియదట, ఎక్కువ అడగొద్దట. ఊళ్ళ మీద పడుతున్నవాళ్ళ పేరు ఇందులో కూడా రాయను. గోడలకు చెవులున్న రోజులు.

"పరేషాన్ గాకు విజయా. ఏదో పని తగిలుంటది" అన్నాడు బావ. అంటున్నప్పుడు నా ముఖం చూడలేదు.

తిరిగొస్తుంటే దేవకృప టీచరమ్మ ఎదురైంది. చిన్నప్పుడు చిలకలగూడ మిషను బడిలో నాకు అయిదో క్లాసు దాకా చదువు చెప్పింది ఈమే. గుంటూరు వైపు మనిషి, మాట ఇప్పటికీ ఆ వైపుదే. ఇంట్లోకి లాక్కుపోయి కూర్చోబెట్టింది. అంతా విన్నది. అయ్యో పాపం అనలేదు. చేట తెచ్చి నా ఒళ్ళో పెట్టి, మాట్లాడుతూ బియ్యంలో రాళ్ళేరు అన్నది. ఆదివారం గుడికి రా, ప్రార్థన చేయిద్దాం అన్నది. మంచినీళ్ళిచ్చింది. దాహం లేదన్నాను.

బడిలో కూడా అంతే. అయిదేళ్ళూ ఆ కుండలో నీళ్ళు ముట్టలేదు. వడ్రంగం చేసే వడ్లవాళ్ళ పిల్ల అక్కడ తాగితే మా నాయన ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు. టీచరమ్మకు అదంతా తెలుసు. అయినా ఇస్తుంది, నేను దాహం లేదంటాను. ఇదొక ఆచారమైపోయింది మా ఇద్దరి మధ్య.

జూలై 11, ఆదివారం

పోయాను. వాళ్ళూ గుడి అనే అంటారు. లోపలికి పోలేదు, గడప బయట చెప్పులు విడిచేచోట కూర్చున్నాను. ఆడవాళ్ళంతా చాపల మీద ఒక పక్క, మగవాళ్ళు ఇంకో పక్క. విగ్రహం లేదు, గంట ఉంది, పాటలున్నాయి. టీచరమ్మ పాడితే పక్కవాళ్ళ శ్రుతి కూడా పోతుంది, ఆమెకు ఆ సంగతి తెలియదు.

ప్రార్థన కంటే ముందు గుడి పాస్టరు జకర్యా అయ్యగారు నా దగ్గరికి వచ్చారు. సన్నటి మనిషి, కోటు భుజాల మీద వేలాడుతుంటుంది. "మీ ఆయన పేరేంటమ్మా" అన్నారు. ఎట్లా చెప్పను? మొగుడి పేరు నోటితో అంటే ఆయుష్షు తరుగుతుందని మా అమ్మ చెప్పింది. ఏడేళ్ళ కాపురంలో ఒక్కసారీ అనలేదు. ఇందులో రాయను కూడా, అందులోనూ ఇప్పుడు. తల వంచుకుని నిలబడ్డాను. ఆయన రెండోసారి అడగబోతుంటే టీచరమ్మ వచ్చి నా బదులు చెప్పింది.

అయ్యగారి ప్రార్థన చాలా పొడుగు. రోగుల కొరకు, వానల కొరకు, బడిపిల్లల కొరకు. తర్వాత "ప్రయాణములో ఉన్నవారి కొరకు" అన్నారు. ప్రయాణములో ఉన్న మా సహోదరుడు అని, మా ఆయన పేరు చెప్పి, అతనిని క్షేమముగా ఇల్లు చేర్చుము ప్రభువా అన్నారు. అంతమంది ఒక్కసారి ఆమేన్ అన్నారు. ఆ పేరును అంత గౌరవంగా, అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. షాపులో 'అరే చారీ' అని పిలుస్తారు.

నేను మిగతా వాటికి నోరు మూసుకుని, ఆ ఒక్కదానికి ఆమేన్ అన్నాను.

జూలై 18, ఆదివారం

మళ్ళీ పోయాను. ఆయన పేరు వినడానికే పోయాను, దేవుడి కోసం కాదు. అబద్ధం ఎందుకు?

జూలై 25

ఇవాళ వాన. గడప బయట కూర్చుంటే తడిసిపోతానని పుష్పమ్మ అనే ఆమె చెయ్యి పట్టి లోపలికి గుంజింది. లాలాగూడలో రైలు డ్రైవర్ భార్య, భారీ మనిషి. "జరుగున్రి, విజయకు జెర జాగియ్యున్రి" అని చాప మీదున్న వాళ్ళందరినీ నెట్టింది. గోడ పక్కన ఇరుకులో కూర్చున్నాను. ఒకరి మోకాలు నా మోకాలికి తగులుతూనే ఉంది. దూరం జరగడానికి చోటు లేదు. కాసేపటికి జరగాలనీ అనిపించలేదు.

ఇద్దరికి వండాను.

ఆగస్టు 3

ఉప్పు లేదు. బయటి నుంచి సరుకు రానివ్వడం లేదట. దీపంలోకి గ్యాసునూనె లేదు. బజార్లో ఉప్పు కోసం మనుషులు కొట్టుకుంటున్నారు. ఉప్పులేని పప్పు వండి మూసిపెట్టాను. వచ్చి తిడతాడు. తిట్టనీ.

ఆగస్టు 8, ఆదివారం

ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళంతా గుడి వెనక జొన్నలు చెరిగారు. పల్లెల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళకు గటక వండి పోస్తారు. నాకూ ఒక చేట ఇచ్చారు. నా చెరుగుడు చూసి పుష్పమ్మ, "మా విజయ చేతిల ఒక్క రాయి ఉండది" అన్నది ఎవరితోనో. మా విజయ అన్నది.

అమ్మా నాయనా పోయాక నన్ను ఎవరూ మా అనలేదు. ఆయన అనేవాడు, 'మా ఇంట్ల పులి' అని. ఇంటికి వచ్చి కడుపునిండా ఏడ్చాను.

వస్తూ దారిలో టీచరమ్మ ఇంట్లో నీళ్ళు తాగాను. ఆమె రోజూలాగే ఇచ్చింది, నాకు నిజంగా దాహమైంది, తాగేశాను. చెంబు తిరిగి ఇస్తే ఆమె తీసుకుపోయి గూట్లో పెట్టింది. నేను చూడలేదనుకుని కొంగుతో కళ్ళు తుడుచుకున్నది.

ఆగస్టు 15

ఊరంతా తలుపులు వేసుకుంది. గుడికి సగం మందే వచ్చారు. ఆయన పేరు వచ్చింది. చాలు.

ఆగస్టు 22, ఆదివారం

ఇవాళ మొక్కుకున్నాను. ప్రభువా, ఆయన్ను ఇంటికి తే, నీ తొట్టిలో మునిగి నీ ఇంటి ఆడబిడ్డనవుతాను అని. తర్వాత ఆలోచిస్తే ఇందులో తిరకాసుంది. యాదగిరి గుట్టకు మొక్కితే పని అయ్యాక తీర్చుకోవచ్చు. ఈయన దగ్గర అరువు నడవదేమో. ముందే ఇచ్చేస్తే కాదనలేడు కదా. ముందే మునుగుతాను.

టీచరమ్మతో మునుగుతానని మాత్రమే చెప్పాను. మొక్కు సంగతి చెప్పలేదు. ఆమె కళ్ళద్దాల పైనుంచి నన్ను చాలాసేపు చూసింది. అయిదో క్లాసులో లెక్క పక్క పిల్ల పలక చూసి రాసినప్పుడు కూడా ఇట్లాగే చూసింది.

"బేరం కాదు గదే, విజయా?" అన్నది.

కాదన్నాను.

సెప్టెంబర్ 14, మంగళవారం

నిన్నటి నుంచి విమానాలు. ఫౌజు వస్తున్నదట, షోలాపూర్ దిక్కు నుంచి, బెజవాడ దిక్కు నుంచి. బెజవాడ దిక్కు అంటే మంచిదే. ఆయన అటు పారిపోయి ఉంటే ఫౌజు వెంటే వస్తాడు.

సెప్టెంబర్ 18, శనివారం

అయిపోయింది. ఫౌజు సికింద్రాబాద్ వచ్చింది. జనం దండలు పట్టుకుని రోడ్డు మీద పడ్డారు. నేనూ పోయాను. పెద్ద బొట్టు పెట్టుకుని, ఆయన తెచ్చిన పచ్చచీర కట్టుకుని, స్టేషను దగ్గర అరుగెక్కి నిలబడ్డాను. లారీల్లో సిపాయిలే ఉన్నారు. ఎవరి చేతిలో ఏ మూట కనబడ్డా ముఖం చూశాను. కాళ్ళు పీకేదాకా నిలబడి వచ్చాను.

ఇంకెంత, దారులు తెరిచారు. ఈ వారంలో వస్తాడు.

సెప్టెంబర్ 19, ఆదివారం

గుడి పక్క బడి గదిలో తురక కుటుంబాలు దాక్కున్నాయి. నిన్నటిదాకా ఒకరి భయం, ఇవాళ ఇంకొకరి భయం. అయ్యగారు వాళ్ళ కొరకు కూడా ప్రార్థన చేశారు. నాకు ఒళ్ళు మండింది. ఆ తర్వాత ఆయన పేరు వచ్చినా ఆమేన్ అనలేకపోయాను. మధ్యలో లేచి వచ్చాను.

వస్తుంటే ఆ గది కిటికీలో ఒకామె కనబడింది. చంకలో పిల్ల. ఆమె నన్ను చూడలేదు, గేటు వైపే చూస్తున్నది. ఆ చూపు నాకు తెలుసు. మూడు నెలలుగా నేను చూస్తున్నది అదే. ఇంటికి వచ్చి ఆమేన్ అనుకున్నాను, ఎవరూ వినలేదు.

అక్టోబర్ 2

పెత్రమాస, పెద్దల అమావాస్య. పక్కింటి బాలమ్మ వచ్చి, పెద్దలకు బియ్యమిస్తున్నావా అన్నది. మా అమ్మా నాయనల పేర ఇచ్చానన్నాను. ఆమె పోలేదు. నసిగి నసిగి, "ఎందుకన్న మంచిది, ఆయన పేర సుత ఇయ్యరాదు" అన్నది. ముఖం మీద తలుపు వేశాను. గడియ లేదు కదా, మళ్ళీ తెరుచుకుంది. ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది. రెండోసారి వేసి వీపు ఆనించి నిలబడ్డాను.

అక్టోబర్ 10

సద్దుల బతుకమ్మ. అందరూ ఆడుతున్నారు, చప్పట్లు ఇక్కడికి వినిపిస్తున్నాయి. పోలేదు. వచ్చే ఏడు ఆయన తంగేడు కోసుకొస్తాడు.

అక్టోబర్ 17, ఆదివారం

వచ్చే ఆదివారం నాకు బాప్తిస్మం. అయ్యగారు పిలిచి మాట్లాడారు. మీ ఆయన వచ్చాక ఆయన్ను అడిగి తీసుకోవచ్చు కదా, తొందరేముంది అన్నారు. ఆయన వచ్చేలోపే తీసుకోవాలి అన్నాను. ఎందుకో చెప్పలేదు. అయ్యగారు అది నమ్మకం అనుకున్నారు.

కొత్త పేరు పెట్టుకుంటావా, మార్త బాగుంటుంది అన్నారు. వద్దన్నాను. ఆయన వచ్చి విజయా అని పిలిస్తే పలికేది ఎవరు?

బొట్టు తీయాలి. పుస్తె ఉంచుకోవచ్చు. మట్టెలు ఉంచుకోవచ్చు. తెల్లచీర కట్టాలి. టీచరమ్మ తన పెట్టెలో నుంచి కొత్త తెల్లచీర తీసిచ్చింది. గుడిలో పండగైనా పెళ్ళైనా వాళ్ళు తెలుపే కడతారు. మా దాంట్లో తెల్లచీర ఎవరు కడతారో ఆమెకూ తెలుసు. "నీకు కష్టమైతే అంచున్నది చూస్తాను" అన్నది. కష్టం లేదన్నాను.

బ్రహ్మచారి బావకు తెలిసిపోయింది. వర్క్‌షాపు గేటు దగ్గర ఆపి, వాడు వచ్చేదాకా సుత ఆగవా అన్నాడు. ఆయన వచ్చేటందుకే అని నోటిదాకా వచ్చింది.

అక్టోబర్ 23, శనివారం

బొట్టు తీశాను. అద్దం ముందు చాలాసేపు పట్టింది. తడిగుడ్డతో తుడిచినా గుండ్రటి మచ్చ తెల్లగా నిలిచింది, ఇన్నేళ్ళు ఎండ తగలని చోటు. ఏమీ కాదు. ఆయన ఉన్నాడు కాబట్టే తీస్తున్నాను, ఆయన రావాలనే తీస్తున్నాను.

ఇద్దరికి వండాను. రేపు ముగ్గురికి వండాలేమో, అత్తమ్మ కూడా వస్తుంది కదా.

అక్టోబర్ 24

అత్తమ్మ వచ్చింది.

అక్టోబర్ 28, గురువారం

నాలుగు రోజులకు కలం పట్టాను. రాస్తాను.

ఆదివారం పొద్దున తొట్టి దగ్గరికి పోయేముందు గాజులు తీసి టీచరమ్మకు ఇచ్చాను, సిమెంటుకు తగిలి పగులుతాయని. అయ్యగారు పట్టుకుని ముంచారు. చల్లటి నీళ్ళు. లేచేసరికి అందరూ పాడుతున్నారు, పుష్పమ్మ దుప్పటి కప్పి గట్టిగా వాటేసుకుంది. గదిలో తడిబట్టలు విడిచి ఇంకో తెల్లచీర కట్టుకున్నాను. పైట తల మీదుగా కప్పుకున్నాను. పుస్తె లోపలికి పోయింది. గాజులు టీచరమ్మ సంచిలోనే ఉన్నాయి. నాకు గుర్తు రాలేదు. అంత సంతోషంగా ఉన్నాను.

బయటికి వస్తే గేటు దగ్గర అత్తమ్మ.

ఎముకల గూడైపోయింది. కాళ్ళకు గుడ్డలు చుట్టుకుంది. ఇంటికి పోతే బాలమ్మ ఇక్కడికి తోవ చూపిందట. నేను ఆమెను చూసి నవ్వాను. నా మొక్కు తీరిందనుకున్నాను, ఇంత తొందరగానా అనుకున్నాను. ఆమె వెనక రోడ్డు మీదికి చూశాను, మూట మోస్తూ వెనకబడ్డాడేమోనని.

ఆమె నన్ను తల నుంచి కాళ్ళదాకా చూసింది. తెల్లచీర చూసింది, నొసలు చూసింది, చేతులు చూసింది. వచ్చి నా మీద పడిపోయింది.

"ఎవలు జెప్పిన్రు బిడ్డా నీకు? నేనెట్ల జెప్పాల్నో అని తొవ్వంత ఏడ్సుకుంట వచ్చిన."

"అత్తమ్మా, ఆయనేడి?" అన్నాను.

అప్పుడామెకు తెలిసింది, నాకు తెలియదని. నోటి మీద చెయ్యి పెట్టుకుని అట్లాగే మట్టిలో కూర్చుండిపోయింది.

అక్టోబర్ 29

ఆ మిగతాది కూడా రాయాలి. రాయకపోతే మళ్ళీ రేపటి నుంచి ఎదురుచూస్తాను, నా సంగతి నాకు తెలుసు.

ఆయన ఊరు చేరిన రెండో రాత్రే, సోమవారం తెల్లవారకముందు, వాళ్ళు పడ్డారట. తెల్లవారుజామున పోయే ఆ మబ్బుల బండికే రావాలని మూట కట్టుకున్నారట. అత్తమ్మను గడ్డివాములో దాచాడు. ఇళ్ళు అంటుకుంటున్నాయి. కొట్టంలో దూడ కట్టేసి ఉంది. "ఇప్పి వస్తనే అమ్మా, అది పాణం కాదా" అన్నాడట. విప్పాడట. తిరిగి వస్తుంటే తుపాకి గుండు తగిలిందట. అంతే.

"దూడ బతికింది బిడ్డా" అన్నది అత్తమ్మ.

ఊళ్ళో ఉండలేక మందితో కలిసి బెజవాడ దిక్కు పోయిందట. జ్వరంతో శిబిరంలో పడి ఉందట. కబురు చెప్పే దారి లేదు.

సోమవారం. నేను ఆ మంగళవారం గడియ కోసం ఆయన మీద కోప్పడుతూ ఇందులో రాశాను. ఆ ఆదివారం గడప బయట కూర్చుని మొదటిసారి ఆయన పేరు విన్నాను. అప్పటికే మట్టిలో ఉన్నాడు. వాన పడిన ఆదివారం, జొన్నలు చెరిగిన ఆదివారం, ఫౌజు వచ్చిన మర్నాడు, ప్రతిసారీ అంతమంది కళ్ళు మూసుకుని క్షేమముగా ఇల్లు చేర్చుము అన్నారు. ఎవరిని చేర్చాలి? నేను వంతు మూసిపెట్టింది ఎవరికి?

అక్టోబర్ 30

చావు ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు. కులపోళ్ళు వండి తేవాలి. బ్రహ్మచారి బావ వచ్చి వీధిలోనే నిలబడ్డాడు. ఏడ్చాడు, నిజంగానే ఏడ్చాడు. నువ్వు తొట్టిలో మునిగినవ్, ఇగ మావోళ్ళు ఈ ఇంటికి అన్నం తేరు, నా చేతిల లేదు అన్నాడు. మా మధ్య చెప్పలేనంత దూరం ఉందన్నట్టు నిలబడ్డాడు. ఉన్నది మూడు మెట్లే.

మొదటి రోజు నుంచీ అన్నం తెస్తున్నది గుడివాళ్ళు. నేను తినలేదు. అత్తమ్మ అసలు ముట్టలేదు, వచ్చిన రోజు నేను ఆయనకని మూసిపెట్టిన అన్నమే తిన్నది. తర్వాత నీళ్ళతో ఉంది. ఆమె సంగతి నాకు తెలుసు. ఊళ్ళో ఇంకొకరి నీడ పడితే కుండ పారబోసే మనిషి.

ఇవాళ టీచరమ్మ పప్పూ అన్నం తెచ్చి ముందు పెట్టింది. అత్తమ్మ గిన్నెను చూసింది, ఆమెను చూసింది.

"ఎవలోళ్ళు మీరు?" అని అడిగింది.

నాకు భూమిలోకి పోవాలనిపించింది. టీచరమ్మ తొణకలేదు.

"మా తాతల నాటికి మాలపల్లి వాళ్ళం అమ్మా" అన్నది.

 అత్తమ్మ నేల మీద వేలితో గీసుకుంటూ కూర్చున్నది.

"నా కొడుకు మీద మట్టేసింది సుత మీవోళ్ళే. మా కులపోళ్ళందరు ఉరికిన్రు. ఎవ్వలు ఆగలే" అన్నది. తర్వాత చెయ్యి చాపింది. "పెట్టు బిడ్డా."

టీచరమ్మ కలిపి పెడితే తిన్నది. నన్ను కూడా తినమన్నది. పప్పులో ఉప్పు సరిపోయింది.

అక్టోబర్ 31, ఆదివారం

గుడికి పోలేదు. ఆ తెల్లచీరను మడిచి పెట్టె అడుగున తోశాను. కుంకుమ భరిణె తీశాను. నన్ను మోసం చేసిన దేవుడి కోసం బోసి నొసలు పెట్టుకుని తిరగాలా అనుకున్నాను. పెట్టుకుంటే మాత్రం ఎవరి పేర పెట్టుకోవాలి? నా నొసలు దేవుడి కోసం బోసిగా ఉందో, ఆయన కోసం బోసిగా ఉందో నాకే తెలియడం లేదు. భరిణె పట్టుకుని అట్లాగే కూర్చున్నాను.

అత్తమ్మ చూసి వచ్చి పక్కన కూర్చుంది. మామ పోయిన పదోనాడు తనను చెరువుకు తీసుకుపోయిన సంగతి చెప్పింది. నలుగురు ముండమోపులు చేతులు పట్టుకున్నారట. గాజులు రాయితో కొట్టారట. బొట్టు గుంజి తుడిచారట. అప్పటికి ఈయన చంటివాడు, ఒడిలోనే ఉన్నాడట. ఇన్నేళ్ళలో ఆమె నాకీ మాట చెప్పలేదు.

"నీ బొట్టు నీవే తీసుకున్నవ్. నిన్ను ఎవ్వలు పట్టలే. మంచిగైంది బిడ్డా" అన్నది.

అప్పుడు ఏడ్చాను. ఈ వారంలో మొదటిసారి గట్టిగా, నలుగురూ వినేట్టు ఏడ్చాను.

సాయంత్రం టీచరమ్మ వస్తే అంతా చెప్పేశాను. బేరమే పెట్టాను టీచరమ్మా, ఆయన్ను తెస్తాడని మునిగాను, మొదటి ఆదివారం నాటికే ఆయన లేడు, మరి మనం అన్నివారాలు చేసింది ఏమిటి అని అడిగాను. దేవుని చిత్తం అని అనుంటే పక్కనున్న చెంబు తీసి నెత్తిన వేసేదాన్ని. ఆమె కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"తెలీదే, విజయా. నాకూ తెలీదు" అన్నది.

పోతూ పోతూ తలుపు ఊగుతుంటే గోడకు ఆనించిన గడియను చూసింది. చేత్తో తీయబోయి, నా ముఖం చూసి, అక్కడే ఉంచింది. తన సంచి తాడు విప్పి తలుపుకు కట్టిపోయింది.

నవంబర్ 7, ఆదివారం

పోవాలనుకోలేదు. గంట కొట్టాక లేచాను. అత్తమ్మ తనూ వస్తానంది, ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేనంది. తెల్లచీర కట్టుకున్నాను. ఎవరి కోసమని అడగలేదు నన్ను నేను.

అత్తమ్మ లోపలికి రాలేదు. గడప బయట చెప్పుల పక్కన కూర్చుంది, నేను మొదట కూర్చున్నచోటే. పుష్పమ్మ నన్ను చూసి జరిగింది. నా చోటు నాకు అట్లాగే ఉంది, నేను రాని వారం కూడా ఎవరూ కూర్చోనట్టు.

ఇవాళ బల్ల, ప్రభువు భోజనం. రొట్టె తీసుకున్నాను. ద్రాక్షరసం గిన్నె పుష్పమ్మ తాగి నాకిచ్చింది. తాగి పక్కామెకు ఇచ్చాను.

తర్వాత అయ్యగారి పొడుగు ప్రార్థన. కళ్ళు మూసుకునే చేస్తారు. రోగుల కొరకు అయింది, పంటల కొరకు అయింది, ఇళ్ళు కాలినవారి కొరకు అయింది. "ప్రయాణములో ఉన్నవారి కొరకు" అన్నారు. "ప్రయాణములో ఉన్న మా సహోదరుడు" అన్నారు.

ఆగిపోయారు.

ఇన్ని వారాల నోటి అలవాటు. పాపం, అడుగు వేశాక గుంత కనబడినవాడిలా నిలబడిపోయారు. కళ్ళు తెరిచి నా వైపు చూశారు.   టీచరమ్మ చెయ్యి నా మోచెయ్యిని పట్టుకుంది. ఆ మాట వెనక్కి తీసుకుంటారని నాకు తెలుసు. తీసుకుంటే ఇక ఆ పేరు ఈ గుడిలో ఎవరూ పలకరు. ఈ లోకంలో ఎక్కడా పలకరు.

"వీరాచారి" అన్నాను.

గట్టిగానే వచ్చింది. ఇంక తరగడానికి ఆయుష్షు లేదు కదా.

"వీరాచారిని క్షేమంగా ఇల్లు చేర్చు" అన్నాను.

 గడప దగ్గర అత్తమ్మ కొడుకు పేరు విని తలెత్తింది. ఆమెకు నేను ఏమీ నేర్పలేదు, ఇంతసేపూ వింటూ కూర్చున్నది కదా. ఆమేన్ అన్నది, ఒక్కతే. తర్వాత అందరూ అన్నారు.

ఇంటికి వచ్చి తలుపు తాడు విప్పాను. పొయ్యి వెలిగించాను. ఇద్దరికి వండాను, అత్తమ్మకూ నాకూ.